శాలువా కప్పే ముందు అడగండి: లౌడన్ కౌంటీ తెలుగు సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

వర్జీనియా రాష్ట్రం లౌడన్ కౌంటీలోని తెలుగు సంఘాల అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు నమస్కారం.

2027 నవంబరు 2న మన కౌంటీ ఎన్నికలు. కౌంటీని నడిపే బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్‌లో కౌంటీ అంతా కలిసి ఎన్నుకునే ఛైర్ పదవి, ఎనిమిది జిల్లాల సూపర్‌వైజర్ పదవులు, స్కూల్ బోర్డు స్థానాలు, కౌంటీ పోలీసు పెద్ద అయిన షెరీఫ్, ట్రెజరర్... అన్నీ ఒకే రోజు తేలిపోతాయి. మళ్ళీ నాలుగేళ్ళ దాకా ఆ అవకాశం రాదు. ఈలోపు ఉగాదికో, బతుకమ్మకో, దీపావళికో మీ వేదికలెక్కడానికి అభ్యర్థులు వరస కడతారు. వాళ్ళని పిలవొద్దని నేననను. పిలిచాక మనం చేస్తున్న పని గురించే ఈ లేఖ.

ఆ తంతు మీకు తెలిసిందే. పిల్లల డాన్సులకీ భోజనాలకీ మధ్య అభ్యర్థిగారు కుర్తా వేసుకుని వస్తారు. "నమస్కారం" అనగానే హాలు దద్దరిల్లేలా చప్పట్లు. భారతీయులు కష్టజీవులనీ, మన పిల్లలు చదువుల్లో ముందుంటారనీ, మన వంటలు తనకు ప్రాణమనీ చెబుతారు. శాలువా, జ్ఞాపిక, ఫోటో. తెల్లారేసరికి ఆ ఫోటో వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టేస్తుంది. ఆయన గెలిస్తే మన ఇంటిపన్ను ఎంతవుతుందో, ఇంటి వెనక ఏం లేస్తుందో ఆ హాల్లో ఒక్కరూ అడగరు. ఒకసారి ఎవరో ధైర్యం చేసి హెచ్1బీ గురించి అడిగితే, "మీ తరఫున పోరాడతాను" అని గట్టిగా చెప్పి ఇంకోసారి చప్పట్లు కొట్టించుకున్నారు. వీసాలు చూసేది వాషింగ్టన్. లీస్‌బర్గ్‌లో కూర్చునే కౌంటీ బోర్డుకి వాటితో పనే లేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, మనలో చాలామందికీ తెలుసు.

మన ఊళ్ళలో ఇలా ఉంటుందా? సర్పంచి పదవికి నిలబడ్డవాడు వీధిలోకొస్తే అరుగు మీద ముసలమ్మ కూడా నిలదీస్తుంది. కుళాయి ఎప్పుడు వేయిస్తావు, మురుగు కాలవ సంగతేంటి, పోయినసారి చెప్పిన సిమెంటు రోడ్డు ఏమైంది అని. అక్కడ అలా అడిగిన మనమే ఇక్కడ లక్షల డాలర్ల ఇళ్ళు కొనుక్కుని, వాటి మీద ఏటా వేల డాలర్లు పన్ను కడుతూ, మైకు ముందు మొహమాటపడుతున్నాం.

అసలు కౌంటీ బోర్డు చేతిలో ఏముంది, ఏం లేదు? అడగడం ఇక్కణ్ణుంచే మొదలుపెట్టాలి. వర్జీనియాలో కౌంటీలకు సొంత అధికారాలంటూ పెద్దగా లేవు. రిచ్‌మండ్‌లోని రాష్ట్ర శాసనసభ ఏది ఇస్తే అదే. రోడ్లే చూడండి. 1932 నాటి బర్డ్ చట్టం నుంచి, ఒకటి రెండు మినహాయిస్తే, కౌంటీ రోడ్ల నిర్వహణ రాష్ట్ర రవాణా శాఖది. గుంతలు పూడుస్తానని ఓట్లడిగే సూపర్‌వైజర్ అభ్యర్థి తనది కాని పనికి మాటిస్తున్నట్టే. రోడ్డు వెడల్పు చేయడానికీ, కొత్త రోడ్లు వేయడానికీ కౌంటీ డబ్బు పెట్టగలదు, పెడుతోంది కూడా. కాబట్టి అడగాల్సింది గుంతల గురించి కాదు, రూట్ 15, రూట్ 50 పనుల్లో దేనికి ముందు డబ్బిస్తారని.

డల్లెస్ గ్రీన్‌వే టోల్ కూడా ఇలాంటిదే. విమానాశ్రయం దగ్గర్నుంచి లీస్‌బర్గ్ దాకా 14 మైళ్ళ ప్రైవేటు రోడ్డు అది, 1995లో తెరిచారు. రద్దీ వేళల్లో 5 డాలర్ల 80 సెంట్లు (2025 నాటి రేటు) ఇచ్చుకుని ఆఫీసుకెళ్ళేవాళ్ళలో మనవాళ్ళు ఎంతమందో మీకు చెప్పక్కర్లేదు. ఆ టోల్ పెంచాలా వద్దా అన్నది తేల్చేది కరెంటు కంపెనీల్లాంటి వాటిని అదుపు చేసే రాష్ట్ర సంస్థ, స్టేట్ కార్పొరేషన్ కమిషన్. 8 డాలర్లు దాటించాలని కంపెనీ అడిగితే 2024లో కాదన్నది ఆ కమిషనే. కౌంటీ అక్కడికెళ్ళి వాదించగలదు, అంతవరకే. "టోల్ తగ్గిస్తా" అనే అభ్యర్థికీ, "కమిషన్ ముందు కౌంటీ తరఫున గట్టిగా వాదించడానికి లాయర్ల ఖర్చుకి ఓటేస్తా" అనే అభ్యర్థికీ తేడా ఉంది. మన చప్పట్లు మాత్రం ఇద్దరికీ ఒకేలా మోగుతున్నాయి.

బోర్డు చేతిలో నిజంగా ఉన్నవాటిలో ముఖ్యమైనవి రెండు: పన్ను, నేల. రేటు ఎంతో తేల్చేది వాళ్ళు, ఎక్కడ ఏం కట్టొచ్చో తేల్చేది వాళ్ళు. మన కౌంటీలో ఆ రెండూ కలిసి ముడిపడ్డ చోటు డేటా సెంటర్లు, అంటే ఇంటర్నెట్‌ని నడిపే కంప్యూటర్లుండే కట్టడాలు. లౌడన్‌లో పోటీ చేసే మనిషి ఎలాంటివాడో తెలుసుకోవాలంటే ఈ ఒక్క విషయం మీద తీరిగ్గా మాట్లాడిస్తే చాలు.

ఆష్‌బర్న్ చుట్టుపక్కల కిటికీల్లేని ఆ పెద్ద పెద్ద పెట్టెల్లాంటి కట్టడాలు మనందరం రోజూ చూస్తున్నవే. ప్రపంచంలో ఇంత చిన్న జాగాలో ఇన్ని డేటా సెంటర్లున్న చోటు ఇంకోటి లేదు. మనలో చాలామంది జీతాలు కూడా ఎక్కడో ఒకచోట వాటితో ముడిపడ్డవే. వాటిలోని కంప్యూటర్ల మీద కౌంటీ పన్ను వేస్తుంది, ఆ పన్నే ఖజానాకి పెద్ద దిక్కు. డేటా సెంటర్లకి సేవల కింద ఖర్చయ్యే ప్రతి డాలరుకీ 26 డాలర్ల పన్ను తిరిగొస్తోందని కౌంటీయే చెబుతుంది. 2010లో నూరు డాలర్ల ఇంటి విలువకు 1 డాలరు 30 సెంట్లున్న ఇంటిపన్ను రేటు 2025కి 80.5 సెంట్లకు దిగిందంటే దాని వెనకున్న బలం ఇదే. మరి మన బిల్లు ఎందుకు తగ్గలేదంటారా? ఏటా జనవరి 1 నాటికి ఇంటి విలువ కొత్తగా లెక్కేస్తారు. 7 లక్షల డాలర్ల ఇంటికి 2024 నాటి 86.5 సెంట్ల రేటు చొప్పున పన్ను 6,055 డాలర్లు. ఆ ఇంటి విలువ 8 లక్షలకు పెరిగిందనుకోండి. 80.5 సెంట్ల చొప్పున 6,440 డాలర్లు. రేటు ఆరు సెంట్లు తగ్గింది, బిల్లు 385 డాలర్లు పెరిగింది. "నేను పన్ను తగ్గించాను" అని పదవిలో ఉన్నవాళ్ళు, "పన్ను పెంచేశారు" అని ఎదుటివాళ్ళు అనేది ఈ లెక్కలోంచే. ఇద్దరి మాటా నిజమే. అందుకే అభ్యర్థిని రేటు గురించి అడగొద్దు. "సగటు ఇంటికి వచ్చే బిల్లు వచ్చే ఏడాది పెరగకూడదంటే రేటు ఎంత ఉండాలి, మీరు దానికి ఓటేస్తారా, వేస్తే దేనికి కోత పెడతారు" అని అడగండి. ఆ చివరి ముక్క దగ్గరే మనిషి తేలిపోతాడు.

ఇక రెండోవైపు. 2022 వేసవిలో కరెంటు కంపెనీ డొమినియన్ తూర్పు లౌడన్‌లోని కొత్త డేటా సెంటర్లకు అడిగినంత కరెంటు అడిగినప్పుడు ఇవ్వలేనని చెప్పింది. లైన్లు చాలవు. కొత్త లైన్లంటే 500 కిలోవోల్టుల టవర్లు, ఇళ్ళ పక్కనుంచి, స్కూళ్ళ పక్కనుంచి. గోల్డెన్ నుంచి మార్స్ సబ్‌స్టేషన్ దాకా వేయాలన్న లైను మీద ఎంత గొడవైందో, ఆ దారిలో ఉన్న కాలనీల్లో మనవాళ్ళ ఇళ్ళెన్నో మీకు తెలుసు. లైనుకి అనుమతిచ్చేది కమిషనే, బోర్డు కాదు. కానీ ఆ లైను ఎవరి కోసం? అక్కడ డేటా సెంటర్ కట్టుకోవచ్చని జోనింగ్ (ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే నిబంధనలు) రాసిన బోర్డు పుణ్యమే కదా. వర్జీనియాలో అడ్డూ అదుపూ లేకుండా డేటా సెంటర్లు పెరిగితే కరెంటు వాడకం పదేళ్ళలో రెట్టింపవుతుందని శాసనసభ సొంత అధ్యయన సంఘం 2024 డిసెంబరులో నివేదిక ఇచ్చింది. ఇవి కాక డీజిల్ జనరేటర్లు, చల్లబరిచే యంత్రాల హోరు సరేసరి.

2025 మార్చి దాకా కొన్ని జోన్లలో డేటా సెంటర్ కట్టడానికి బోర్డు ఓటే అక్కర్లేదు. నిబంధనల ప్రకారం ఉంటే చాలు, అధికారులే అనుమతి ఇచ్చేసేవారు. పక్కింటివాళ్ళకి అభిప్రాయం చెప్పే చోటే లేదు. ఆ నెల 18న బోర్డు దాన్ని ఎత్తేసింది. ఇప్పుడు కొత్త డేటా సెంటర్‌కి బహిరంగ విచారణ జరగాలి, సూపర్‌వైజర్లు పేరుపేరునా ఓటెయ్యాలి. అప్పటికే దరఖాస్తులో ఉన్న కొన్నింటికి పాత పద్ధతి వర్తించేలా మినహాయింపు కూడా ఇచ్చారు. అంటే 2027లో గెలిచే ప్రతి సూపర్‌వైజర్ ముందుకీ ఈ ఓట్లు వస్తాయి. "ఆర్థికాభివృద్ధి కావాలి, ప్రజల జీవన నాణ్యతా కావాలి" లాంటి మాటలు అప్పుడు పనికి రావు. ఇళ్ళకి ఎన్ని అడుగుల దూరం? శబ్దం ఆస్తి హద్దు దగ్గర కొలవాలా, మన పడకగది దగ్గరా? పాత కట్టడాన్ని పడగొట్టి మూడింతలు పెద్దది కడతానంటే? వద్దనే అభ్యర్థి ఆ డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తారో చెప్పాలి. కావాలనే అభ్యర్థి ఎవరి పెరడు పక్కన పెడతారో చెప్పాలి. నాకైతే ఈ పన్ను మీద ఇంతగా ఆనుకోవడమే భయం. కంప్యూటర్ల విలువ ఏటా పడిపోతుంది, కంపెనీ వాటిని ఎప్పుడు మారుస్తుందో దాని ఇష్టం, కౌంటీ అంచనాలు తప్పిన ఏడాది కూడా ఉంది. ఆ రాబడిలో ఎంత భాగాన్ని రోజువారీ జీతాలకు వాడొచ్చు, ఎంత భాగాన్ని స్కూళ్ళూ రోడ్లూ కట్టడానికి పక్కన పెట్టాలి అన్న ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పిన అభ్యర్థికి, ఏ పార్టీవారైనా, నా ఓటు సగం పడ్డట్టే.

కారు పన్ను కథ కూడా ఇందులోంచే పుడుతుంది. మే, అక్టోబరు నెలల్లో ఆ బిల్లు చూసి తిట్టుకోని ఇల్లు లేదు. "కారు పన్ను తగ్గిస్తా" అంటే మీ హాల్లో ఈలలు కూడా పడతాయి. కాకపోతే మన కౌంటీలో కార్లకీ, డేటా సెంటర్ల కంప్యూటర్లకీ చాలాకాలం ఒకే రేటు నడిచింది. ఒకే రేటుంటే మీ హోండా మీద ఒక్క సెంటు తగ్గిస్తే ఆ సర్వర్ల మీదా తగ్గినట్టే, పోయే డబ్బు ఎక్కువగా పోయేది అక్కడే. డేటా సెంటర్ల యంత్రాలకు వేరే రేటు పెట్టుకునే వీలు రాష్ట్ర చట్టంలో ఉంది. రెండింటి రేట్లూ వేర్వేరుగా ఉంచుతారా? ఉంచితే కంపెనీలు పక్క కౌంటీకి పోతాయన్న భయానికి మీ జవాబేమిటి? ఇంత చిన్న ప్రశ్న ఏ వేదిక మీదా ఎవరూ అడగ్గా నేను వినలేదు.

ఈ విషయాల మీద జనం ఓట్లు మారవని ఎవరైనా అంటే పక్కనున్న ప్రిన్స్ విలియం కౌంటీ చూపించండి. 2023 జూన్‌లో అక్కడి బోర్డు ఛైర్ ఆన్ వీలర్ సొంత పార్టీ ప్రైమరీలోనే (పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ముందస్తు ఎన్నిక) డెషుండ్రా జెఫర్సన్ చేతిలో ఓడిపోయారు. గొడవంతా డేటా సెంటర్ల మీదే. ప్రైమరీ మాట ఎందుకంటున్నానంటే, వర్జీనియాలో పార్టీ పేరుతో ఓటరు నమోదు లేదు. మీరు ఏ పార్టీ ప్రైమరీలో కావాలంటే ఆ పార్టీ ప్రైమరీలో ఓటెయ్యొచ్చు, రెండింటిలోనూ కాదు, ఏదో ఒకదాంట్లో. ఒక పార్టీ గట్టిగా ఉన్న జిల్లాలో అసలు ఎన్నిక జూన్‌లోనే అయిపోతుంది. నవంబరులో నిద్ర లేచేవాళ్ళకి మిగిలేది లాంఛనమే.

స్కూళ్ళ గురించి క్లుప్తంగా. అకాడమీస్ ఆఫ్ లౌడన్ అనే ప్రత్యేక హైస్కూలు ప్రవేశాలు, బడి హద్దుల మార్పు, దీపావళి సెలవు లాంటివి స్కూల్ బోర్డు పనులు. సూపర్‌వైజర్‌ని అడిగితే ఆయన నవ్వి తల ఊపుతారు. అయితే స్కూల్ బోర్డుకి పన్ను వేసే అధికారం లేదు. స్థానిక పన్నుల్లో సగానికి పైగా బళ్ళకే వెళ్తుంది, ఆ మొత్తం ఎంతో తేల్చేది సూపర్‌వైజర్లు. ఈ ఇద్దరు అభ్యర్థుల్నీ ఒకే బల్ల ముందు కూర్చోబెట్టి, "స్కూల్ బోర్డు అడిగినంతా ఇస్తారా" అని ఒకరినీ, "ఇవ్వకపోతే ఏది ఆపేస్తారు" అని ఇంకొకరినీ అడిగితే వినడానికి బాగుంటుంది. షెరీఫ్ సంగతి వేరు. ఆయన నేరుగా మన ఓటుతో గెలుస్తారు, బోర్డు ఆయనకి బడ్జెట్ ఇస్తుంది కానీ బాస్ కాదు. జైలు నడిపేది ఆయన. వలస విభాగం అధికారులతో ఏ మేరకు సహకరిస్తారన్న ప్రశ్న మనవాళ్ళు అడగాల్సింది ఆయన్నే.

పెద్దవాళ్ళ గురించి కూడా ఒక మాట. 2012లో 5-4 ఓట్లతో, అంటే ఒక్క ఓటు తేడాతో, మెట్రో సిల్వర్ లైన్‌కి బోర్డు సరేనంది. పదేళ్ళకి, 2022 నవంబరు 15న, ఆష్‌బర్న్‌కి రైలు వచ్చింది. ఆ ఒక్క ఓటు అటు పడి ఉంటే ఈ రోజు స్టేషన్ ఉండేది కాదు. కానీ బ్రాంబుల్టన్‌లోనో సౌత్ రైడింగ్‌లోనో కొడుకింటికి వచ్చిన అమ్మానాన్నలు ఆ స్టేషన్‌దాకా ఎలా వెళ్ళాలి? కారు నడపడం రాని మనిషికి ఇక్కడ ఇల్లే జైలు. మనలో ఏ ఇద్దరు కలిసినా మాట్లాడుకునే కష్టం ఇది, ఏ అభ్యర్థికీ చెప్పని కష్టం కూడా ఇదే. కాలనీల్లోంచి స్టేషన్‌కీ, లైబ్రరీకీ, సీనియర్ సెంటర్‌కీ పగటిపూట బస్సు వేయడం పూర్తిగా కౌంటీ చేయగల పని. గుడి కట్టుకోవడం కూడా అంతే. నేల, పార్కింగ్, వచ్చిపోయే వాహనాల రద్దీ, పడమటి పల్లెల్లో అయితే బావి, సెప్టిక్ ట్యాంకు, అన్నీ జోనింగ్ ముందుకే వస్తాయి. గుడికొచ్చి హారతి తీసుకున్న అభ్యర్థి, రేపు ఆ గుడి విస్తరణ దరఖాస్తు బోర్డు ముందుకొచ్చి చుట్టుపక్కలవాళ్ళు అభ్యంతరం చెబితే ఎలా ఆలోచిస్తారో తెలుసుకోవడం తప్పేమీ కాదు. "తప్పకుండా మీకే ఓటేస్తా" అని వెంటనే అనేవారిని నేనైతే నమ్మను. ఆ మాటే రేపు డేటా సెంటర్ కంపెనీతో కూడా అంటారు.

మనవాళ్ళు పదవుల్లోకి రావడం నాకూ సంతోషమే. హైదరాబాదులో పుట్టిన గజాలా హష్మీ 2025 నవంబరులో వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారు. నది అవతల మేరీలాండ్‌లో హైదరాబాదులోనే పుట్టిన అరుణా మిల్లర్ 2023 జనవరిలో అదే పదవి చేపట్టారు. అరుణగారు రాజకీయాల్లోకి రాకముందు ఏం చేసేవారో తెలుసా? మాంట్‌గొమరీ కౌంటీ రవాణా శాఖలో ఇంజనీరు. కౌంటీ పని ఎలా జరుగుతుందో లోపలినుంచి చూసిన మనిషి. ఇంటిపేరు చూసి గర్వపడేది ఎలాగూ పడతాం, రేపు లౌడన్‌లో తెలుగు అభ్యర్థి నిలబడితే వారినీ ఇవే ప్రశ్నలు అడగాలి, ఇంకొంచెం గట్టిగానే.

మీకున్న ఇబ్బంది నాకు అర్థమవుతుంది. మీ సంఘాల్లో చాలావరకు 501(సి)(3) కింద, అంటే పన్ను మినహాయింపున్న లాభాపేక్ష లేని సంస్థలుగా, నమోదైనవి. రాజకీయాలు మాట్లాడితే పన్ను మినహాయింపు పోతుందేమోనని భయం. చట్టం చెప్పేది వేరు. 1954 నుంచి అలాంటి సంస్థలు ఒక అభ్యర్థిని సమర్థించకూడదు, వ్యతిరేకించకూడదు. అందరు అభ్యర్థుల్నీ పిలిచి, అందరికీ సమానంగా సమయమిచ్చి, పక్షపాతం లేని ప్రశ్నలు అడిగే సభ పెట్టుకోవచ్చు. ఆలోచించి చూడండి, ఎన్నికల వేళ ఒక్క అభ్యర్థిని వేదికెక్కించి శాలువా కప్పి పొగడటమే అసలు ప్రమాదం.

హాల్లో కూర్చునేవాళ్ళందరికీ ఓటు లేదన్నది కూడా నిజమే. గ్రీన్‌కార్డు వాళ్ళు, హెచ్1బీ వాళ్ళు ఓటెయ్యకూడదు, పొరపాటున కూడా ఓటరుగా నమోదు చేయించుకోకూడదు. డ్రైవింగ్ లైసెన్సులిచ్చే డీఎంవీ ఫారంలో ఓటరు నమోదు గడి దగ్గర జాగ్రత్త అని మీ వాలంటీర్లు ఏటా చెప్పాల్సిన మాట అది. కానీ ఇంటిపన్ను వాళ్ళూ కడుతున్నారు, టవరు వాళ్ళ ఇంటి వెనకా లేస్తుంది. బోర్డు బహిరంగ విచారణలో మాట్లాడటానికి పౌరసత్వం అడగరు. ప్రశ్న రాసి ఇవ్వడానికి అసలే అడగరు.

కాబట్టి నా విన్నపం ఇది. జూన్ ప్రైమరీకి ముందు, 2027 ఏప్రిల్‌లోనో మే మొదట్లోనో, కౌంటీలోని సంఘాలన్నీ కలిసి ఒక్క సభ పెట్టండి. తెలంగాణ సంఘం వేరుగా, ఆంధ్ర సంఘం వేరుగా వద్దు, కౌంటీ పంపే బిల్లులో ఆ తేడా లేదు. అన్ని పార్టీల అభ్యర్థులకీ, స్వతంత్రులకీ ఒకే రోజు ఒకేలాంటి ఆహ్వానం పంపండి. ప్రశ్నలు ముందే సభ్యుల నుంచి చీటీల మీద తీసుకోండి. నడిపే మనిషి ఏ పార్టీ ప్రచారంలోనూ లేనివారై ఉండాలి. "ఇది బోర్డు చేతిలో లేదు" అని అభ్యర్థి ఒప్పుకుంటే దాన్ని మంచి జవాబుగానే లెక్కేయండి. వీడియో తీసి, తెలుగులో రెండు పేజీల సారాంశం అందరికీ పంపండి. రెండేళ్ళ తర్వాత బోర్డులో ఓటు పడినప్పుడు పక్కన పెట్టి చూసుకోవడానికి పనికొస్తుంది. డాన్సులు ఆ రోజుకి వద్దు. భోజనాలు ఉంటే నాకేం అభ్యంతరం లేదు.

శాలువాలు దాచి ఉంచండి. గెలిచినవాళ్ళు ఏడాది పనిచేశాక, ఆ సారాంశం చేతిలో పట్టుకుని చదివి, కప్పాలనిపిస్తే అప్పుడు కప్పుదాం.

మా వీధిలో కొందరం సభ హాలు అద్దెలో మా వాటా ఇస్తాం. ప్రశ్నల చీటీలు పోగుచేసి, ఒకే రకంవి కలిపే పని కూడా మేమే చూసుకుంటాం. ఏ సంఘం ముందుకొస్తుందో ఈ సంక్రాంతి లోపల చెప్పండి. హాళ్ళు ఆలస్యమైతే దొరకవు.

ఇట్లు,
ఆష్‌బర్న్‌లో ఇంటిపన్ను కడుతున్న ఒక తెలుగు ఓటరు